బ్రెగ్జిట్ మీద వాదనకు దిగే ముందు ఇవి చూసుకోండి

యూకేలో కొత్తగా దిగినవాళ్ళకి కౌన్సిల్ ట్యాక్స్ గురించి, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ చేసుకోవడం గురించి చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఆఫీసులో లంచ్ టైములో ఎవరో "అంతా బ్రెగ్జిట్ వల్లే" అని నిట్టూర్చినప్పుడు, పక్కనే ఇంకొకాయన ముఖం ఎర్రగా చేసుకున్నప్పుడు, మధ్యలో కూర్చున్న మనం ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను 2014 చివర్లో వచ్చాను. యూకే యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావాలా వద్దా అన్న ఓటింగ్‌కి, అదే బ్రెగ్జిట్ ఓటింగ్‌కి, ముందు గోల చూశాను, ఓటు కూడా వేశాను (ఎలా వేశానో కింద చెప్తాను), ఆ తర్వాత ఈ విషయం మీద ఓ యాభై వాదనల్లో కూర్చుని ఉంటాను, వాటిలో సగం నేనే చెడగొట్టాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నా. నేను "ఉందాం" అన్న పక్షం, అది దాచను. అయితే నా పక్షం వాళ్ళు చెప్పిన తప్పులు కూడా కింద ఉన్నాయి, అవి చదివి తిట్టుకోకండి.

ముందు ఆ ఓటు కాగితం చదవండి

2016 జూన్ 23న చేతికిచ్చిన కాగితం మీద ఉన్నది ఒక్కటే ప్రశ్న. యునైటెడ్ కింగ్‌డమ్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యురాలిగా కొనసాగాలా, లేక యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా? కింద రెండు గళ్ళు. మొదట దీన్ని అవును-కాదు ప్రశ్నగా పెడదామనుకున్నారు, అలా అడిగితే ప్రశ్నే ఒక పక్కకి మొగ్గినట్టు ఉంటుందని ఎలక్షన్ కమిషన్ చెప్పాక మార్చారు. 51.9 శాతం వెళ్ళిపోదాం అన్నారు, 48.1 శాతం ఉందాం అన్నారు, తేడా సుమారు 12.7 లక్షల ఓట్లు. ఓటేసినవాళ్ళు 72.2 శాతం. ఇంగ్లండ్, వేల్స్ వెళ్దామన్నాయి, స్కాట్లండ్ 62 శాతంతో ఉందామంది, ఉత్తర ఐర్లండ్ కూడా దాదాపు 56 శాతంతో ఉందామంది. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు, చాలా వాదనల్లో అవతలివాళ్ళకన్నా మీరే ముందుంటారు.

కానీ అసలు చూడాల్సింది ఆ కాగితం మీద లేని విషయం. బయటికి వచ్చి ఎక్కడికి వెళ్ళాలి అన్నది ఎక్కడా రాయలేదు. అద్దె ఇల్లు ఖాళీ చేద్దామా వద్దా అని ఇంట్లో అందరి చేతా చేతులెత్తించి, ఏ ఊళ్ళో ఏ ఇంటికి మారతామో అడగకుండా లారీ మాట్లాడేసినట్టు అన్నమాట. నార్వే ఈయూలో లేదు, సరుకులు, సేవలు, జనం అడ్డు లేకుండా తిరిగే సింగిల్ మార్కెట్‌లో మాత్రం ఉంది, అందుకు డబ్బు కడుతుంది, ఈయూ జనం స్వేచ్ఛగా వచ్చి పని చేసుకోవడానికి ఒప్పుకుంటుంది. టర్కీ సింగిల్ మార్కెట్‌లో లేదు, కానీ దానికి ఈయూతో కస్టమ్స్ యూనియన్ ఉంది, అంటే చాలా సరుకుల మీద మధ్యలో సుంకాలుండవు, బయటి సరుకు మీద ఇద్దరిదీ ఒకే సుంకం. కెనడాకి ఉన్నది వట్టి వాణిజ్య ఒప్పందం. వీటిలో ఏది ఎంచుకున్నా అది "బయటికి రావడమే".

అందుకే ఆ తర్వాత పార్లమెంటులో అంత తమాషా నడిచింది. అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందం 2019 జనవరి 15న 432-202తో ఓడిపోయింది, మార్చిలో ఇంకో రెండు సార్లు ఓడిపోయింది. మార్చి 27న అయితే ఎంపీలు ఏకంగా ఎనిమిది దారుల మీద విడివిడిగా ఓట్లేసి, ఎనిమిదింటినీ కాదన్నారు. ఆ రాత్రి నేను టీవీ ముందు కూర్చుని, వీళ్ళకంటే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగే నయం అనుకున్నాను. చివరికి ఆమె తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ 2019 డిసెంబర్‌లో 80 సీట్ల మెజారిటీతో గెలిచి, 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకి దేశాన్ని బయటికి తెచ్చాడు. పాత నిబంధనలు మాత్రం ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా నడిచాయి. ఈ రెండు తేదీల తేడా గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

కాబట్టి ఎవరైనా "జనం దీనికే ఓటేశారు" అంటే, "దేనికి?" అని మర్యాదగా అడగండి. "జనం దీనికి ఓటేయలేదు" అన్నవాళ్ళని కూడా అదే అడగండి. జనం ఓటేసింది తలుపు దాటడానికి. ఆ పైన చెప్పేదంతా చెప్పేవాళ్ళ ఊహే.

మూడు వాదనల్లో ఏది నడుస్తోందో కనిపెట్టండి

నేను చెడగొట్టిన వాదనల్లో ఎక్కువ ఇక్కడే చెడ్డాయి. బ్రెగ్జిట్ అనేది పైకి ఒక్క వాదనలా కనిపిస్తుంది గానీ లోపల మూడుంటాయి. డబ్బు, రాకపోకలు, "మా చట్టం ఎవరు చేయాలి" అనే పెత్తనం. ఒకాయన పెత్తనం గురించి మాట్లాడుతుంటే మనం జీడీపీ అంకెలు చదువుతాం, ఆయనకి చిరాకు, మనకి ఆశ్చర్యం, ఇంత చెప్పినా ఎక్కదేంటి అని. ఎక్కకపోవడానికి కారణం ఆయన ఆ ప్రశ్న అడగనే లేదు.

ఓటింగ్ రోజున లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ 12 వేల మందికి పైగా ఓటర్లతో చేయించిన సర్వే ఒకటుంది. వెళ్దామన్నవాళ్ళలో దాదాపు సగం మంది, 49 శాతం, మొదటి కారణంగా చెప్పింది ఈ దేశం గురించిన నిర్ణయాలు ఈ దేశంలోనే జరగాలని. వలసల మీద, సరిహద్దుల మీద అదుపు అన్నవాళ్ళు మూడో వంతు. మరి ఉందామన్నవాళ్ళ సంగతి? వాళ్ళలో 43 శాతం మంది చెప్పింది ఉద్యోగాలు, ధరలు, ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటాయన్న భయం. ఈయూ మీద, దాని చరిత్ర, సంస్కృతుల మీద మమకారంతో ఓటేశామన్నవాళ్ళు 9 శాతమే! నా పక్షం ఎందుకు ఓడిపోయిందో నాకు ఈ ఒక్క అంకెలో కనిపిస్తుంది. ఒక పక్క "మన ఇల్లు మనది" అంటుంటే ఇంకో పక్క "అద్దె పెరుగుతుంది జాగ్రత్త" అన్నారు. ఆ ఇల్లంటే మాకిష్టం అని గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ.

పెత్తనం వాదన వచ్చినప్పుడు చేయాల్సిన పని చిన్నది. "ఏ చట్టం?" అని అడగండి. ఎగతాళిగా అడిగితే తేడా కొడుతుంది, నిజంగా తెలుసుకోవాలని అడగండి. రెండు మూడు రకాల జవాబులు వస్తాయి.

ఒకటి అరటిపండ్లు. వంకర అరటిపండ్లని ఈయూ నిషేధించిందని ఇక్కడ తరాలుగా చెప్పుకుంటారు. 1994లో అరటిపండ్ల నాణ్యత మీద నిబంధన వచ్చిన మాట, అందులో "అసాధారణమైన వంకర" ఉండకూడదన్న మాట రెండూ నిజమే. అయితే ఆ నిబంధనే పండ్లని తరగతులుగా విడగొట్టి, కింది తరగతిలో ఆకారం తేడాలని అనుమతించింది. అంటే పూర్తి అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. ఇలాంటి వాటి మీద పది నిమిషాలు ఖర్చు పెట్టకండి, నవ్వేసి ముందుకి పోండి.

రెండోది నేరస్తుల్ని, శరణార్థుల్ని వెనక్కి పంపకుండా "యూరప్ కోర్టు" అడ్డుపడుతోందనేది. ఇక్కడ మాత్రం ఆగండి, ఎందుకంటే బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పడతారు. ఈయూ కోర్టు ఉన్నది లక్సెంబర్గ్‌లో. మానవ హక్కుల కోర్టు ఉన్నది స్ట్రాస్‌బర్గ్‌లో, అది కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది, దాంట్లోంచి బ్రిటన్ బయటికి రానే లేదు. 2022 జూన్‌లో శరణార్థుల్ని రువాండాకి తీసుకెళ్ళాల్సిన విమానాన్ని ఆపింది స్ట్రాస్‌బర్గ్ కోర్టే, అప్పటికి బ్రెగ్జిట్ జరిగి రెండేళ్ళు దాటింది.

మూడోది చేపలు. ఇది నిజమైన బాధ, చిన్నచూపు చూడకండి. చేపల వేట దేశ ఆదాయంలో 0.1 శాతం కూడా ఉండదు, కానీ తీరంలోని ఊళ్ళకి అది బతుకు, తమ సముద్రంలో ఎవరు ఎంత పట్టాలో ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో బేరమాడటం వాళ్ళకి దశాబ్దాలుగా మంట. వాళ్ళ కష్టానికి ఫలితం దక్కిందా అంటే, ఈయూతో కుదిరిన బ్రెగ్జిట్ వాణిజ్య ఒప్పందంలో ఈయూ పడవల కోటాలో పావు వంతు మెల్లగా వెనక్కి వచ్చేలా రాసుకున్నారు, 2025 మేలో ఈయూ పడవలకి ఇంకో పన్నెండేళ్ళు, 2038 దాకా, అనుమతి పొడిగించారు. తీర ప్రాంతం వాళ్ళెవరైనా మీ టేబుల్ దగ్గరుంటే మీరు వినండి, మాట్లాడకండి.

అంకె వినబడగానే నాలుగు ప్రశ్నలు

స్థూలమా, నికరమా? వారానికా, ఏడాదికా? ఎప్పటికి? దేనితో పోల్చి? బ్రెగ్జిట్ అంకెల్లో ఈ నాలుగు ప్రశ్నల్ని తట్టుకుని నిలబడ్డవి చాలా తక్కువ.

వెళ్దామన్నవాళ్ళ ప్రచారపు ఎర్ర బస్సు సంగతి తీసుకోండి. "వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకి పంపుతున్నాం, ఆ డబ్బు మన ఎన్‌హెచ్‌ఎస్‌కి (ప్రభుత్వ ఆరోగ్య సేవకి) పెట్టుకుందాం" అని దాని మీద రాసి ఊరూరా తిప్పారు. ఆ 35 కోట్లు స్థూల లెక్క. 1984లో అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ పోట్లాడి సాధించిన తగ్గింపు ఒకటుంది, అది ముందే కోసుకుని మిగతాదే పంపేవారు, అంటే ఆ మొత్తం ఈ దేశం దాటి వెళ్ళేదే కాదు. అది తీసేస్తే 2015లో వారానికి సుమారు 25 కోట్లు. అందులోంచి మళ్ళీ రైతుల సబ్సిడీలకి, వెనకబడిన ప్రాంతాలకి కొంత తిరిగి వచ్చేది. దేశ గణాంకాల మీద నిఘా పెట్టే అధికార సంస్థ అప్పుడే ఈ అంకె తప్పుదారి పట్టించేలా ఉందని చెప్పింది, 2017లో బోరిస్ జాన్సన్ మళ్ళీ వాడినప్పుడు ఇంకా ఘాటుగా ఉత్తరం రాసింది.

కానీ ఇక్కడ ఒక కిటుకు ఉంది, అది అర్థం కాకే మావాళ్ళు బోల్తా పడ్డారు. "35 కోట్లు కాదు, 25 కోట్లే" అని మీరు టీవీలో గొంతు చించుకుంటే, వినేవాడికి మిగిలేది ఏంటి? వారానికి పాతిక కోట్లు పోతున్నాయి అన్నది! సరిదిద్దిన ప్రతిసారీ ఆ బస్సుకి ఉచిత ప్రచారమే. ఆ ప్రచారాన్ని నడిపిన డొమినిక్ కమింగ్స్ తర్వాత తనే రాసుకున్నాడు, ఆ అంకె, ఎన్‌హెచ్‌ఎస్ లేకపోతే గెలిచేవాళ్ళం కామేమో అని. కాబట్టి ఎవరైనా బస్సు ఎత్తితే అంకె మీద కుస్తీ పట్టకండి. కట్టిన డబ్బుకి ప్రతిగా ఏం దక్కేది అన్న వైపు మాట తిప్పండి.

ఇప్పుడు నా పక్షం. 2016 ఏప్రిల్‌లో ఆర్థిక శాఖ ఒక నివేదిక వేసింది, వెళ్ళిపోతే 2030 నాటికి ఒక్కో కుటుంబానికి ఏడాదికి 4,300 పౌండ్ల నష్టం అని ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ పోస్టర్ ముందు నిలబడి చెప్పాడు. నేను కూడా ఆ అంకెని ఎంతమందికి చెప్పానో. తర్వాత చదివితే తెలిసింది, అది కుటుంబ ఆదాయం కాదు. దేశ జీడీపీ ఎంత తక్కువ పెరుగుతుందో లెక్క కట్టి దాన్ని కుటుంబాల సంఖ్యతో భాగించారు. మీ జేబులోంచి పోయేది అని అర్థమొచ్చేలా చెప్పారు గానీ అది జేబు లెక్క కాదు. అదీగాక "ఇప్పుడున్న దానికంటే తక్కువ" అని కాదు, "ఉండిపోతే వచ్చేదానికంటే తక్కువ" అని. మేలో ఇంకోటి వేశారు, వెళ్దామని ఓటేస్తే చాలు వెంటనే ఏడాది పాటు మాంద్యం, సుమారు 5 లక్షల ఉద్యోగాలు పోతాయని. అది జరగలేదు. పౌండు మాత్రం ఒక్క రాత్రిలో 1.50 డాలర్ల నుంచి 1.33 దగ్గరకి కూలింది, 1985 తర్వాత అప్పటిదాకా అంత కిందకి ఎప్పుడూ పోలేదు, ఆ ఉదయం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇంటికి డబ్బు పంపేవాళ్ళ టెన్షన్ నాకింకా గుర్తుంది. మాంద్యం రాలేదు కాబట్టి "అంతా భయపెట్టడమే" అన్న ముద్ర పడిపోయింది, దాంతో తర్వాత వచ్చిన జాగ్రత్త లెక్కల్ని కూడా ఎవరూ నమ్మలేదు.

ఆ జాగ్రత్త లెక్కల్లో మీరు తరచుగా వినేది 4 శాతం. అది బడ్జెట్ బాధ్యత కార్యాలయం, అంటే ఓబీఆర్, చెప్పేది. బ్రెగ్జిట్ వల్ల దీర్ఘకాలంలో ఉత్పాదకత, ఉండిపోయి ఉంటే ఎంత ఉండేదో దానికంటే 4 శాతం తక్కువ ఉంటుందని. ఒక్క ఏడాదిలో ఆర్థిక వ్యవస్థ 4 శాతం కుంగిపోయిందని దానర్థం కాదు. వీధి చివర షాపు మూతపడితే కనిపిస్తుంది, అసలు తెరవకుండా పోయిన షాపు ఎవరికీ కనిపించదు. ఈ 4 శాతం అలా కనిపించని నష్టం, అందుకే దీన్ని వాదనలో గెలిపించడం కష్టం, గెలిపించకపోయినా ఫర్వాలేదు.

సగం మాటలు, సగం కథలు

నేను అందరి ముందూ అభాసుపాలైంది గూగుల్ కథతో. ఓటింగ్ తెల్లారి "ఈయూ అంటే ఏంటి" అని బ్రిటిష్ జనం గూగుల్‌లో వెతికారట అని ప్రపంచమంతా నవ్వింది, నేను కూడా క్యాంటీన్‌లో పెద్ద జోకులా చెప్పాను. టేబుల్ చివర ఉన్న డేటా అనలిస్ట్ అమ్మాయి తాపీగా అడిగింది, "ఎంతమంది వెతికారు?" నా దగ్గర జవాబు లేదు. గూగుల్ ట్రెండ్స్ చూపించేది అంతకు ముందుతో పోలిస్తే ఎంత ఎగబాకిందనేదే, ఎంతమంది అన్నది చెప్పదు. పైగా వెతికింది ఓటేసినవాళ్ళో, ఓటు లేనివాళ్ళో, హోంవర్క్ చేసుకునే పిల్లలో ఎవరికి తెలుసు? అయినా ఒక దేశం మొత్తాన్ని తెలివితక్కువదని తేల్చే కథ దొరికితే ఎవరు ఆగుతారు, నేనూ ఆగలేదు.

వెళ్దామన్న ప్రచారంలో ముందున్న మంత్రి మైకేల్ గోవ్ "ఈ దేశ ప్రజలకి నిపుణులతో విసుగొచ్చింది" అన్నాడని అందరికీ తెలుసు. ఆ వాక్యం అక్కడ ఆగలేదు, టీవీలో మధ్యలో యాంకర్ అడ్డు తగిలాక కూడా ఆయన పూర్తి చేశాడు. పొడి అక్షరాల పేర్లున్న సంస్థల నుంచి వచ్చి, ఏది మంచిదో తమకే తెలుసంటూ, ప్రతిసారీ తప్పు చెప్పే నిపుణులతో అన్నది ఆయన మాట సారాంశం. ఒప్పుకోవాలని లేదు, నేనూ ఒప్పుకోను. కానీ సగం వాక్యంతో కొడితే పూర్తి వాక్యం తెలిసినవాడి చేతిలో మీరు దొరికిపోతారు.

అటు పక్క నుంచి ఎక్కువ వినిపించేది వ్యాక్సిన్. కోవిడ్ టీకాకి యూరప్‌లో అందరికంటే ముందు బ్రిటన్ అనుమతిచ్చింది, బ్రెగ్జిట్ వల్లే అని. పైన గుర్తుపెట్టుకోమన్న తేదీలు ఇక్కడ తీయండి. అనుమతిచ్చింది 2020 డిసెంబర్ 2న, అప్పటికి ఈయూ నిబంధనలు ఇంకా వర్తిస్తున్నాయి, అత్యవసరంగా సొంతంగా అనుమతిచ్చే వీలు ఆ నిబంధనల్లోనే ఉంది. అయితే "లోపల ఉండి ఉంటే అందరితో కలిసి కొందామనే ఒత్తిడికి లొంగేవాళ్ళేమో" అని అవతలివాళ్ళు అంటే, అది మాత్రం కొట్టిపారేయలేని మాట.

బ్రెగ్జిట్ వల్లే తిరిగొచ్చిందనే నీలం పాస్‌పోర్టు గురించి ఎక్కువ చెప్పను. ఈయూలో ఉంటూనే క్రొయేషియా నీలం పాస్‌పోర్టు ఇచ్చేది. బ్రిటన్ కొత్త నీలం పాస్‌పోర్టులు అచ్చయ్యేది పోలండ్‌లో.

ఎవరు ఓటేశారో ముఖం చూసి చెప్పకండి

ఉత్తర ఇంగ్లండ్ ముసలాళ్ళు, చదువులేనివాళ్ళు, జాతి విద్వేషులు. మన తెలుగువాళ్ళ విందుల్లో వెళ్దామన్నవాళ్ళ గురించి వినిపించే వర్ణన ఇదే. వయసు, చదువు ప్రకారం తేడా ఉన్న మాట నిజం, ఆష్‌క్రాఫ్ట్ సర్వేలోనే 18-24 ఏళ్ళవాళ్ళలో 73 శాతం ఉందామన్నారు, 65 దాటినవాళ్ళలో 60 శాతం వెళ్దామన్నారు. కానీ వెళ్దామన్న ఓట్లు సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువ పడిన ప్రాంతం సంపన్నమైన సౌత్ ఈస్ట్ ఇంగ్లండ్, 25 లక్షల పైన. మనవాళ్ళు, పంజాబీలు, పాకిస్తానీలు కిక్కిరిసి ఉండే స్లౌ వెళ్దామంది. లూటన్ వెళ్దామంది, బ్రాడ్‌ఫర్డ్ వెళ్దామంది. హౌన్‌స్లో, లెస్టర్ అంచు మీద, 51 శాతంతో ఉందామన్నాయి. అంటే మీ ఊళ్ళో ఇడ్లీ పిండి అమ్మే షాపాయన వెళ్దామని ఓటేసి ఉండే అవకాశం బాగానే ఉంది.

ఎందుకేశారు? దక్షిణాసియా వాళ్ళని అడిగితే నేను ఎక్కువసార్లు విన్నది, "మేం మా అమ్మానాన్నల్ని తెచ్చుకోవాలంటే ఇన్ని కాగితాలు, రుమేనియా నుంచి వచ్చేవాడికి ఏ కాగితం అక్కర్లేదు" అన్న ఉక్రోషం. ప్రచారం వాళ్ళు దీన్ని బాగానే పట్టుకున్నారు. అప్పటి మంత్రి ప్రీతి పటేల్ కర్రీ హౌస్‌లని కాపాడుకుందాం అంటూ ఏకంగా ఒక ప్రచారం మొదలుపెట్టింది, యూరప్ వలసలు తగ్గితే మన వైపు నుంచి వంటవాళ్ళని తెచ్చుకోవచ్చని. ఆ నమ్మకంతో ఓటేసిన రెస్టారెంట్ల వాళ్ళు తర్వాత వంటవాళ్ళు దొరక్క మోసపోయామన్నారు.

మొత్తం మీద మాత్రం వలసలు తగ్గలేదు. ఓటింగ్‌కి నెల ముందు బయటపడ్డ 2015 నికర వలసల (వచ్చినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళని తీసేస్తే మిగిలే) లెక్క 3 లక్షల 33 వేలు, దాని మీదే దేశం అట్టుడికింది. 2023 నాటికి ఏడాది లెక్క 9 లక్షలు దాటింది. యూరప్ నుంచి తగ్గి, భారత్, నైజీరియా లాంటి దేశాల నుంచి పెరిగింది. హైదరాబాద్, విజయవాడల కన్సల్టెన్సీల బోర్డుల మీద యూకే జెండాలు కిక్కిరిసింది ఆ రోజుల్లోనే.

ఇక్కడ కొత్తగా వచ్చిన తెలుగు స్టూడెంట్స్‌కి ఒక మాట. ఇది బ్రెగ్జిట్ మనకిచ్చిన వరమనీ, ఇప్పుడు బిగిస్తున్నది బ్రెగ్జిట్ కోపమనీ రెండూ వింటారు. 2012లో తీసేసిన చదువు తర్వాతి వర్క్ వీసాని 2021లో గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో తిరిగి ఇచ్చింది ఇక్కడి ప్రభుత్వం. 2024 జనవరి నుంచి ఎక్కువ కోర్సుల స్టూడెంట్స్ కుటుంబాన్ని తెచ్చుకోకుండా ఆపిందీ, అదే ఏడాది ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ జీతం హద్దుని 38,700 పౌండ్లకి పెంచిందీ ఇక్కడి ప్రభుత్వమే. యూరప్ బయటివాళ్ళ వీసాలు ఈయూ చేతిలో ఏనాడూ లేవు. మన వీసా కష్టాన్ని బ్రెగ్జిట్ ఖాతాలో వేసేముందు ఆ నిబంధన ఏ శాఖ రాసిందో చూసుకోండి.

ఐర్లండ్ తెలియకుండా "ఊరికే వచ్చేస్తే పోయేది" అనకండి

నన్నడిగితే మొత్తం కథలో అన్నిటికంటే గట్టి ముడి ఇది. ఉత్తర ఐర్లండ్ యూకేలో భాగం, దాని కింద ఉన్న ఐర్లండ్ వేరే దేశం, ఈయూ సభ్యదేశం. మధ్యలో దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు, పొలాల మధ్య నుంచి, రోడ్ల మీద నుంచి వంకర్లు తిరుగుతూ పోతుంది. మూడు దశాబ్దాలు బాంబులు, తుపాకుల తర్వాత 1998 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది, ఆ తర్వాత సైనిక తనిఖీ కేంద్రాలు పోయాయి. 1993లో సింగిల్ మార్కెట్ మొదలయ్యాక, రెండు దేశాలూ ఈయూలో ఉన్నంతకాలం సరుకు తనిఖీ అవసరమే రాలేదు. ఒకటి బయటికొస్తే ఎక్కడో ఒకచోట తనిఖీ పెట్టాలి. భూమి మీద పెడితే పాత గాయం రేగుతుంది, సముద్రం మీద పెడితే ఒకే దేశంలో రెండు భాగాల మధ్య గీత గీసినట్టవుతుంది, ఎక్కడా పెట్టకూడదంటే యూకే మొత్తం ఈయూ నిబంధనలకి దగ్గరగా ఉండాలి. థెరిసా మే ఈ మూడో దారి వైపు పోయి ఓడిపోయింది, జాన్సన్ రెండోది ఒప్పుకుని ఒప్పుకోలేదన్నాడు, 2023లో రిషి సునాక్ విండ్సర్ ఒప్పందంతో దాన్ని కాస్త సర్దాడు. ఎవరైనా "ధైర్యం ఉంటే ఒక్క రోజులో అయిపోయేది" అంటే, ఈ మూడింటిలో ఏది ఎంచుకునేవాళ్ళని అడగండి. నేను ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా కాసేపు నిశ్శబ్దం వచ్చింది.

మన విభజనతో పోల్చకండి

మనవాళ్ళ మధ్య బిర్యానీ అయ్యాక ఇది తప్పకుండా వస్తుంది. "మన ఏపీ, తెలంగాణ లాంటిదే కదన్నా" అని ఒకరంటారు, ఇంకొకరు "ఎలా అవుతుంది తమ్ముడూ" అని కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు, ఇక బ్రెగ్జిట్ పోయి 2014 వస్తుంది. అక్కడ జనం ఓటు పెట్టలేదు, రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం పార్లమెంటు నిర్ణయించింది, ఏపీ అసెంబ్లీ బిల్లుని తిరస్కరించినా ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పని లేదు. పైగా రెండు రాష్ట్రాలూ ఒకే దేశంలో, ఒకే మార్కెట్‌లో ఉన్నాయి, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళడానికి ఎవరికీ వీసా రాలేదు. దగ్గరి పోలిక కావాలంటే స్కాట్లండ్‌ని తీసుకోండి. 2014 సెప్టెంబర్‌లో వాళ్ళు యూకేలో ఉండాలా వద్దా అని ఓటేసి 55 శాతంతో ఉందామన్నారు, రెండేళ్ళు తిరక్కుండానే ఆ యూకేనే వాళ్ళని ఈయూలోంచి లాక్కొచ్చే ఓటు వేసింది. అక్కడి వాళ్ళతో మాట్లాడేటప్పుడు "బ్రిటన్ నిర్ణయించుకుంది" అనే మాట వాడకపోవడం మంచిది.

మాట మొదలుపెట్టే పద్ధతి

"మీరెటు వేశారు?" అని సూటిగా అడగొద్దు, అది రహస్య ఓటు, పైగా కుటుంబాల్లోనే దీని మీద మాటలు మానేసినవాళ్ళున్నారు. బ్రెక్సిటీర్ (వెళ్దామన్నవాళ్ళు), రిమోనర్ (ఉందామన్నవాళ్ళని ఏడుపుగొట్టులని వెక్కిరించడం) లాంటి పేర్లు వాళ్ళలో వాళ్ళు వాడుకుంటారు, మీరు వాడకండి. ఓటింగ్‌కి వారం ముందు, జూన్ 16న, ఉందామన్న పక్షం ఎంపీ జో కాక్స్‌ని నడివీధిలో చంపేశారు, ఆ పేరు వాదనలో ఆయుధంగా ఎప్పుడూ తీయకండి. ఏళ్ళ తరబడి సర్వేల్లో సగానికి పైగా అది పొరపాటు నిర్ణయం అంటున్నారు కాబట్టి గెలిచేశాం అన్నట్టు మాట్లాడేవాళ్ళు కనిపిస్తారు. పొరపాటు అనడం వేరు, మళ్ళీ చేరదాం, మళ్ళీ స్వేచ్ఛగా రాకపోకలు ఒప్పుకుందాం అనడం వేరు, ఆ రెండో ప్రశ్న వచ్చేసరికి గొంతులు తగ్గుతాయి.

నా వరకు బాగా పని చేసిన మొదటి ప్రశ్న, "ఆ రోజు ఉదయం మీరెక్కడున్నారు?" ఎటు వేశారో వాళ్ళే చెప్పేస్తారు. మా పక్కింటి పెద్దాయనని ఒకసారి కంచె మీదుగా ఇదే అడిగాను. ఆయన 1975లో ఉందామని ఓటేశాడట, అప్పుడు దేశం 67 శాతంతో ఉందామంది. 2016లో వెళ్దామని వేశాడట. "అప్పుడు మార్కెట్ అన్నారు, తర్వాత అది ఇంకేదో అయింది, నన్నెవరూ మధ్యలో అడగలేదు" అన్నాడు. నాకు నచ్చని జవాబే, కానీ అన్నేళ్ళలో నేను విన్న వాటిలో అతి శుభ్రమైన జవాబు అదే. తర్వాత నా వైపు తిరిగి, నువ్వుంటే ఎటు వేసేవాడివి అన్నాడు. వేసేవాడిని కాదు, వేశాను అన్నాను. కామన్వెల్త్ దేశాల పౌరులకి ఇక్కడ నివాసం ఉంటే ఓటుందని, వచ్చి రెండేళ్ళు కాకుండానే ఇండియన్ పాస్‌పోర్టుతో వెళ్ళి వేసొచ్చానని, పన్నెండేళ్ళుగా ఇక్కడున్న మా ఆఫీసు పోలండ్ ఆయనకి మాత్రం ఓటు లేదని చెప్పాను. ఆయన చేతిలోని నీళ్ళ పైపు కట్టేసి, "నీకు ఓటుందా?" అన్నాడు. ఆ తర్వాత గంటన్నర మాట్లాడుకున్నాం.